ఫీజు కట్టారు సరే, ఆ నెలలు గడిచేదెలా?

"మనం ట్యాక్సులు కడుతుంటే వాళ్ళు కూర్చుని తింటున్నారమ్మా. ఏదో ఒక కోర్సు నేర్చుకుంటే ఈ దేశంలో ఉద్యోగాలు లేవా?" అన్నారు ప్రభుత్వ సాయం తీసుకునేవాళ్ళ గురించి, పోయిన నెల సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గర, నేను అన్నయ్యా అని పిలిచే ఒక పెద్దాయన. ఆయన మీద నాకు కోపం లేదు. అమెరికా వచ్చిన కొత్తల్లో నేనూ అదే అనుకునేదాన్ని. కానీ ఆరేళ్ళుగా ఒక కమ్యూనిటీ కాలేజీలో ఆ "ఏదో ఒక కోర్సు"లో చేరడానికి వచ్చే వాళ్ళ ఎదురుగా కూర్చునే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి, ఆ రోజు వడ్డనల మధ్య చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపికగా చదవండి.

ముందు నా సంగతి చెప్పాలి. నేను 2009లో హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యకి ఇచ్చే వీసా మీద వచ్చాను. బీకాం చదివి ఆరేళ్ళు ఇంట్లో ఉన్నాను. 2015 మేలో హెచ్4 వాళ్ళలో కొందరికి పని చేసుకునే పర్మిట్ ఇచ్చే రూలు వచ్చాక, కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ బిల్లింగ్, కోడింగ్ సర్టిఫికెట్ కోర్సులో చేరాను. ఏడాది పట్టింది. బాబుని డేకేర్‌లో వేశాం, కారు ఉంది, అద్దె మావారి జీతంలోంచి పోయేది, పరీక్షల ముందు వారం మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి వంట చూసుకున్నారు. నేను కష్టపడి చదివాను, అది అబద్ధం కాదు. కానీ నాతో పాటు క్లాసులో మొదటి రోజు 20 మందికి పైగా ఉంటే, చివరి రోజుకి సగం కూడా మిగల్లేదు. మానేసిన వాళ్ళు నాకంటే తెలివితక్కువ వాళ్ళు కారు, వాళ్ళ ఇంటి అద్దె కట్టేవాళ్ళు ఇంకొకరు లేరు, అంతే.

ఈ దేశంలో శిక్షణకి ఒక చట్టం, సంక్షేమానికి ఇంకో చట్టం. మొదటిది క్లాసు ఫీజు కడుతుంది. రెండోది తిండికీ ఇంటికీ కాస్త ఇస్తుంది. ఒకే మనిషికి ఈ రెండూ ఒకేసారి కావాలి. కానీ ఒక చట్టం "వెళ్ళి చదువుకో" అంటుంటే రెండోది "చదువు తర్వాత, ముందు పనిలో చేరు" అంటుంది. మధ్యలో నలిగిపోయేది ఆ మనిషి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, కింద రాసేదంతా దీని గురించే.

శిక్షణ చట్టాలకి అమెరికాలో కొదవేం లేదు. కెన్నెడీ కాలంలో 1962లో ఒకటి, నిక్సన్ కాలంలో 1973లో ఇంకోటి, రీగన్ 1982లో, క్లింటన్ 1998లో, ఒబామా 2014లో. ప్రతిసారీ పేరు మారింది, ఆఫీసుల బోర్డులు మారాయి. ఇప్పుడు నడుస్తున్నది 2014 నాటిది, వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చునిటీ యాక్ట్. మా ఆఫీసులో "వియోవా" అంటాం. సెనేట్‌లో 95-3 ఓట్లతో పాసయింది, అంటే రెండు పార్టీలూ కావాలనుకున్న చట్టమే. దాని గడువు 2020 బడ్జెట్ సంవత్సరంతోనే అయిపోయింది. అప్పటి నుంచి ఏ ఏటికి ఆ ఏడు కాంగ్రెస్ డబ్బులు కేటాయిస్తుంటే నెట్టుకొస్తోంది. కొత్త చట్టం రాలేదా అంటే, 2024 ఏప్రిల్‌లో హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) 378-26తో పాస్ చేసింది. పెద్దవాళ్ళ శిక్షణకి వచ్చే డబ్బులో కనీసం సగం నిజంగా శిక్షణకే పోవాలన్న షరతు కూడా అందులో ఉంది. ఆ డిసెంబరులో రెండు పార్టీలూ మాట్లాడుకుని దాన్ని బడ్జెట్ ప్యాకేజీలో చేర్చాయి. చివరి నిమిషంలో ప్యాకేజీని కుదించినప్పుడు అదీ పోయింది. దాన్ని వ్యతిరేకించి ఓడించిన వాళ్ళెవరూ లేరు, పక్కన పెట్టి మర్చిపోయారు. ఆ వారం మా ఆఫీసులో అందరి మొహాలూ ఎలా ఉన్నాయో నాకింకా గుర్తుంది.

డబ్బు సంగతి. ఈ చట్టం కింద పెద్దవాళ్ళకి, ఉద్యోగం పోయినవాళ్ళకి, యువతకి కలిపి రాష్ట్రాలకి ఏడాదికి వెళ్ళేది ఈమధ్య సంవత్సరాల్లో దాదాపు 290 కోట్ల డాలర్లు. వినడానికి పెద్ద మొత్తమే. దేశంలో పని చేసేవాళ్ళూ పని వెతుక్కునేవాళ్ళూ కలిసి 17 కోట్ల మంది ఉన్నారు, భాగించి చూడండి, తలకి 17 డాలర్లు. మన ఇండియన్ రెస్టారెంట్లలో ఒక బిర్యానీ. అందులోంచే ఆఫీసుల అద్దెలు, నాలాంటి వాళ్ళ జీతాలు.

ఇక సంక్షేమం వైపు. 1935 నుంచి పేద పిల్లలున్న కుటుంబాలకి నగదు సాయం హక్కుగా ఉండేది. 1996 ఆగస్టు 22న క్లింటన్ సంతకంతో అది పోయి టానిఫ్ అనే పథకం వచ్చింది. రాష్ట్రాలకి ఏటా 1,650 కోట్ల డాలర్లు ఒకే ముద్దగా ఇస్తారు, ఎలా ఖర్చు పెట్టుకోవాలో చాలావరకు వాళ్ళ ఇష్టం. ఆ అంకె 1996 నుంచి దాదాపు అలాగే ఉంది. దాదాపు 30 ఏళ్ళు. ఈలోగా ధరలు రెట్టింపయ్యాయి కాబట్టి, ఎవరూ ఓటు వేయకుండానే ఆ పథకం విలువ సగానికి పడిపోయింది. 1996లో పేదరికంలో ఉన్న ప్రతి 100 కుటుంబాల్లో 68 కుటుంబాలకి సాయం అందేది, 2020కి అది 21. కూర్చుని తింటున్నారని అన్నయ్య అన్నారే, ఆ నగదు అందుకుంటున్నది నూటికి 21 కుటుంబాలు. మిగిలిన వాళ్ళకి అసలు అందట్లేదు.

మరి డబ్బు ఎక్కడికి పోతోంది? నేరుగా కుటుంబాల చేతికి వెళ్ళేది నాలుగో వంతుకి అటూ ఇటూ. పని నేర్పడానికి అయ్యేది అంతకంటే చాలా తక్కువ. మిగిలిందాంట్లో కొంత రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో కంతలు పూడ్చుకోవడానికి వాడుకుంటాయి. టెన్నెసీ అయితే ఖర్చే పెట్టకుండా 70 కోట్ల డాలర్లకు పైగా పోగేసుకుందని 2019లో బయటపడి గొడవయింది. మిసిసిపీ కథ ఇంకా ఘోరం. అక్కడ పేద కుటుంబాల డబ్బులో 7.7 కోట్ల డాలర్లు దారి తప్పాయని ఆడిట్‌లో తేలింది. అందులో 50 లక్షల డాలర్లు ఒక యూనివర్సిటీలో వాలీబాల్ స్టేడియానికి వెళ్ళాయి. ఆ శాఖని నడిపిన జాన్ డేవిస్ 2022లో నేరం ఒప్పుకున్నాడు. ఆ డబ్బు అలా పోతున్న రోజుల్లోనే ఆ రాష్ట్రంలో ముగ్గురున్న కుటుంబానికి నెలకి ఇచ్చే గరిష్ఠ సాయం 170 డాలర్లు. 2021లో దాన్ని 260 చేశారు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది.

ఇప్పుడు ఈ చట్టం చదువుకునే మనిషిని ఏం చేస్తుందో చూడండి. సాయం తీసుకునే కుటుంబాల్లో సగం మంది "పని"లో ఉన్నట్టు రాష్ట్రం లెక్క చూపించాలి. పని అంటే వారానికి 30 గంటలు, ఆరేళ్ళలోపు బిడ్డ ఉన్న ఒంటరి తల్లికి 20. వృత్తి కోర్సుని పనిగా ఒప్పుకుంటారు, కానీ ఒక మనిషికి జీవితం మొత్తంలో 12 నెలలే. ఆ తర్వాత చదువుకోవద్దని ఎవరూ అనరు. కానీ ఆ గంటలు ప్రధాన పని కింద లెక్కకి రావు. లెక్కకి రాని మనిషి వల్ల రాష్ట్రం స్కోరు తగ్గుతుంది. అందుకని సంక్షేమ ఆఫీసులో ఆ మనిషి కేసు చూసే కేస్‌వర్కర్ ఏం చెబుతుందో మీరే ఊహించుకోండి.

మా దగ్గరికి రెండేళ్ళ క్రితం ఒకమ్మాయి వచ్చింది. ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మారుస్తున్నాను. ఇరవై ఆరేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. అంతకుముందు ఎక్కడో తొమ్మిది నెలల మెడికల్ అసిస్టెంట్ కోర్సు చేసింది, ఆ సర్టిఫికెట్‌తో దొరికిన ఉద్యోగంలో జీతం చాల్లేదు, తర్వాత క్లినిక్కే మూతపడింది. ఈసారి ప్రాక్టికల్ నర్స్ కోర్సు చేస్తానంది. ఏడాది దాటుతుంది, కానీ చేస్తే జీతం బాగుంటుంది. ఎంట్రన్స్ పరీక్షలో లెక్కల్లో ఆవిడ మార్కులు చూసి మా ఇన్‌స్ట్రక్టరే ఆశ్చర్యపోయింది. శిక్షణ చట్టం కింద ఫీజుకి మంజూరు కూడా తెచ్చాం. పసుపు రంగు ఫోల్డర్‌లో కాగితాలన్నీ వరసగా పెట్టుకుని వచ్చేది, పైన పిల్లాడి టీకా కార్డు ఉండేది, ఎందుకంటే డేకేర్ వాళ్ళు అది ఎప్పుడు అడుగుతారో తెలియదని.

సంక్షేమ ఆఫీసులో లెక్క చూశారు. పన్నెండు నెలల్లో తొమ్మిది అయిపోయాయి, మూడు మిగిలాయి. మూడు నెలల తర్వాత వారానికి కనీసం 20 గంటలు వేరే పని చూపించాలి, లేకపోతే సాయమూ, దాంతో పాటు వచ్చే డేకేర్ డబ్బులూ తగ్గుతాయి. నర్సింగ్ క్లాసులు, క్లినికల్స్ (ఆసుపత్రిలో ప్రాక్టీసు) కలిపితేనే వారానికి 30 గంటలు. దాని మీద ఇంకో ఇరవై అంటే ఏ తల్లికైనా అయ్యే పనేనా? కేస్‌వర్కర్ చెడ్డ మనిషి కాదు. నాతో ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఆవిడ గొంతు కూడా బాగోలేదు. నాలుగో నెలలో ఆ అమ్మాయి గిడ్డంగిలో ప్యాకింగ్ పనికి వెళ్ళిపోయింది. సీటు ఖాళీ అయింది. కట్టిన ఫీజులో తిరిగి రాని భాగం ప్రభుత్వానిదే. ఒక చట్టం కట్టిన డబ్బుని ఇంకో చట్టం వృథా చేసింది. రెండూ ఒకే కాంగ్రెస్ చేసినవి.

దీన్ని "వర్క్ ఫస్ట్" అంటారు. ముందు ఏ పనైనా సరే చేరు, తర్వాత ఎదుగుతావు అని. పనిని గౌరవించే ఇంట్లో పుట్టాను నేను, మా అమ్మ మిషను కుట్టి మా ఇద్దరినీ చదివించింది. పని చేయమనడం తప్పని నేనెప్పుడూ అనను. కానీ మన దేశంలో 2005లో చేసిన ఉపాధి హామీ చట్టాన్ని గుర్తు చేసుకోండి. పని అడిగితే 15 రోజుల్లో చూపిస్తాం, చూపించలేకపోతే భృతి ఇస్తాం అని ప్రభుత్వం రాసిచ్చిన చట్టమది. అమలులో ఎన్ని లోపాలున్నా, బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. ఇక్కడ మస్టరు మాత్రమే ఉంది, పని లేదు. పని నువ్వే వెతుక్కో, గంటలు నువ్వే లెక్కపెట్టుకో, కాగితం నువ్వే తెచ్చి చూపించు, లెక్క తప్పితే తిండి పోతుంది.

అతిగా చెబుతున్నానని అనుకోవద్దు. ఫుడ్ స్టాంపులకి, అంటే పేదవాళ్ళు సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయానికి, 1996 నుంచీ ఒక రూలుంది. పిల్లలు లేని, పని చేయగల మనిషి నెలకి 80 గంటల పనో శిక్షణో చూపించకపోతే మూడేళ్ళలో మూడు నెలలే సాయం. శిక్షణ సీటు చూపించాల్సిన బాధ్యత మాత్రం రాష్ట్రం మీద లేదు. ఆ రూలు మొదట 49 ఏళ్ళ వరకే ఉండేది. 2023లో 54కి పెంచారు, 2025 జూలై 4న సంతకమైన పెద్ద బిల్లుతో 64కి తీసుకెళ్ళారు, 14 ఏళ్ళు నిండిన పిల్లలున్న తల్లిదండ్రుల్ని కూడా చేర్చారు. అదే బిల్లు మెడికెయిడ్‌కి (పేదవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమాకి) కూడా 80 గంటల లెక్క పెట్టింది, 2027 జనవరి 1 కల్లా రాష్ట్రాలు మొదలుపెట్టాలి.

ఇలాంటిది ఆర్కన్సా రాష్ట్రంలో 2018లో చేసి చూశారు. గంటలు ఆన్‌లైన్‌లోనే నమోదు చేయాలన్నారు, ఆ వెబ్‌సైట్‌ని రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా మూసేసేవారు. పగలంతా పని చేసి వచ్చినవాళ్ళు ఎప్పుడు నమోదు చేస్తారు? కొన్ని నెలల్లో 18,000 మందికి పైగా వైద్య బీమా పోయింది. తర్వాత పరిశోధకులు చూస్తే ఉద్యోగాలేమీ పెరగలేదు. ఆ రూలు కిందకి వచ్చినవాళ్ళలో 95 శాతానికి పైగా అప్పటికే పని చేస్తున్నవాళ్ళో, మినహాయింపు దక్కాల్సినవాళ్ళో. 2019 మార్చిలో కోర్టు ఆపేసింది. ఇంత తెలిసీ దేశమంతటా ఎందుకు పెడుతున్నారో నాకు అర్థం కాదు.

అన్నయ్య లాంటి వాళ్ళు ఒక మంచి ప్రశ్న వేస్తారు, దాన్ని దాటేయకూడదు. శిక్షణ వల్ల అసలు లాభముందా? ప్రభుత్వమే ఒక పెద్ద పరీక్ష చేయించింది. 2011-13 మధ్య 28 చోట్ల వచ్చినవాళ్ళని లాటరీలాగా విడగొట్టి, కొందరికి శిక్షణ ఫీజు కూడా ఇచ్చి, కొందరికి సలహాలు మాత్రమే ఇచ్చి, కొందరికి మామూలు సమాచారం మాత్రమే ఇచ్చి రెండున్నరేళ్ళు చూశారు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని సలహా ఇచ్చిన వాళ్ళ సంపాదన పెరిగింది. దాని మీద ఫీజు కూడా ఇవ్వడం వల్ల అదనపు లాభం ఆ కాలంలో కనిపించలేదు. ఇది నా ఉద్యోగానికి ఇబ్బందైన సంగతే అయినా దాచను. కొందరు దీన్ని చూపించి శిక్షణ దండగ అంటారు. నాకు అందులో కనిపించేది వేరు. ఒట్టి ఫీజు చాలదు అని కనిపిస్తుంది. నా బ్యాచ్‌లో సగం మందికి పైగా మానేసిందీ అందుకే కదా.

ఇంకో పరీక్ష చూడండి. టెక్సస్‌లో శాన్ ఆంటోనియోలో 1990లో లీవైస్ ఫ్యాక్టరీ మూతపడి వెయ్యి మందికి పైగా రోడ్డున పడ్డారు. అక్కడి చర్చిల సంఘాలు కలిసి ప్రాజెక్ట్ క్వెస్ట్ అని ఒకటి మొదలుపెట్టాయి. కమ్యూనిటీ కాలేజీలో ఎక్కువగా నర్సింగ్ లాంటి కోర్సులు చదివిస్తారు. ఫీజుతో పాటు బస్సు ఖర్చు, లెక్కలు రానివాళ్ళకి ముందుగా లెక్కలు, వారం వారం కౌన్సెలర్‌తో మీటింగు. మనిషికి దాదాపు 10 వేల డాలర్లు ఖర్చు. ఇదీ లాటరీ పద్ధతిలోనే పరీక్షించారు. ఆరేళ్ళ తర్వాత వాళ్ళ సంపాదన, చేరనివాళ్ళ కంటే ఏడాదికి 5,000 డాలర్లకు పైగా ఎక్కువ. పెట్టిన ఖర్చు కంటే వచ్చిన ఫలితం ఎక్కువని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇది నడిచి 30 ఏళ్ళు దాటింది. దేశమంతా ఎందుకు లేదంటే ఫెడరల్ చట్టంలో ఫీజు ఒక ఖాతాలో, బస్సు ఇంకో ఖాతాలో, డేకేర్ మూడో ఖాతాలో ఉన్నాయి. మూడింటికీ మూడు అర్హతలు, మూడు దరఖాస్తులు, మూడు ఆఫీసులు.

మన తెలుగువాళ్ళకి దీంతో సంబంధం లేదనుకోకండి. 1998లో హెచ్1బీ వీసాల సంఖ్య పెంచినప్పుడు చేసిన చట్టంలోనే కంపెనీల మీద ఒక ఫీజు పెట్టారు. ఇప్పుడది 25 మందికి మించిన కంపెనీకి 1,500 డాలర్లు, చిన్నదానికి 750. కంపెనీయే కట్టాలి, ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. అందులో సగం కార్మిక శాఖకి వెళ్తుంది, ఇక్కడివాళ్ళకి పని నేర్పడానికి. 30 శాతం నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ద్వారా పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పులకి. 2015లో అప్రెంటిస్‌షిప్‌లకిచ్చిన 17.5 కోట్ల డాలర్లు, 2016లో టెక్‌హైర్ కింద ఇచ్చిన 15 కోట్లు ఈ వీసా ఫీజులే. అంటే అన్నయ్య పేరు మీద ఆయన కంపెనీ కట్టిన డబ్బుతో ఎక్కడో ఓహాయోలోనో జార్జియాలోనో ఒకరు వెల్డింగ్ నేర్చుకుని ఉండొచ్చు. మనం ఇందులో ఉన్నాం, మన పేరు మీద కట్టిన డబ్బు ఎలా ఖర్చవుతోందో అడిగే హక్కు ఉంది. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళకి ఓటు కూడా ఉంది.

ఏం అడగాలి? నా మట్టుకు మొదటిది, ఆ 12 నెలల గీత తీసేయడం. కోర్సు పూర్తయ్యేదాకా, హాజరు సరిగ్గా ఉన్నంతకాలం, చదువుని పనిగా లెక్కపెట్టాలి. ఫీజు మంజూరైన రోజే డేకేరూ బస్సు పాసూ అదే దరఖాస్తులో మంజూరు కావాలి, ఒకసారి అర్హత తేలిన మనిషిని మళ్ళీ ఇంకో లైన్లో నిలబెట్టకూడదు. 1,650 కోట్లని ధరలతో పాటు పెంచాలి, అందులో ఇంత భాగం కుటుంబాలకే వెళ్ళాలని గీత గీయాలి.

2025 బిల్లులో ఒక మంచి మాట కూడా ఉంది, చెప్పకపోతే అన్యాయం. 2026 జూలై 1 నుంచి పెల్ గ్రాంటుని (పేద విద్యార్థులకి కాలేజీ చదువుకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని) చిన్న కోర్సులకి కూడా ఇస్తారు, 8 నుంచి 15 వారాలవి. దీని కోసం మాలాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. కానీ కోర్సు కనీసం 150 గంటలు ఉండాలన్నారు. మా దగ్గర అందరికంటే ఎక్కువ మంది అడిగేది నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు. ఫెడరల్ లెక్క ప్రకారం దానికి కనీసం 75 గంటలు చాలు, మా రాష్ట్రంలో ఇంకొంచెం ఎక్కువ, అయినా 150 కాదు. కాబట్టి దానికి పెల్ రాదు.

ఈ కోర్సు సాయంత్రం బ్యాచ్‌లో ఒకావిడ ఉంది, 57 ఏళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు. పని చేసే బట్టల షాపు మూసేశారు. ఫుడ్ స్టాంపుల కొత్త రూలు కిందకి వచ్చిందని ఉత్తరం వచ్చాక మా దగ్గరికి వచ్చింది. క్లాసు వారానికి నాలుగు సాయంత్రాలు, మూడున్నర గంటలు. నెలకి 60 గంటలు అవుతుంది. ఇంకో 20 గంటలకి ఒక ఫుడ్ బ్యాంకులో కూరగాయలు సర్దే పని చేసి సంతకం తెచ్చుకుంటోంది, ఆ ఫుడ్ బ్యాంకులోనే వారానికోసారి సరుకులు కూడా తెచ్చుకుంటోంది. క్లాసు 9 గంటలకి అయిపోతుంది. మా కాలేజీ ముందు ఆఖరి బస్సు 9 గంటల 5 నిమిషాలకి, పార్కింగ్ అవతల దాకా నడవాలి, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఇన్‌స్ట్రక్టర్‌ని బతిమాలి 8:50కే పంపిస్తున్నాం. కానీ సర్టిఫికెట్‌కి ప్రతి నిమిషం హాజరు ఉండాలి. రోజుకి పది నిమిషాల చొప్పున వారానికి 40 నిమిషాలు తక్కువ పడుతున్నాయి. శనివారం ఉదయం ల్యాబ్ తెరిచి ఆ 40 నిమిషాలు కూర్చోబెడదామని అడిగాను. శనివారం మా ఊళ్ళో ఆ రూట్‌లో బస్సు లేదు. ఈ వారం నేనే కారులో తీసుకొస్తున్నాను.